గొంగడి మీదుగా జపానుకు

కుర్చీ విరిగినందువల్ల నేను జపాను వెళ్ళానని మావాళ్ళంతా చెప్పుకుంటారు. ఏ పెళ్ళి పందిట్లో నలుగురు కలిసినా, ఏ బాప్తిస్మం విందులో విస్తళ్ళు పరిచినా ఆ కథ ఒకసారి తిరగాల్సిందే. చెప్పేది మా బంగళా చిన్నాయన. వినేవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత నా వైపు తిరిగి "నీ నసీబు మంచిగుండె" అంటారు. ఆ మాటకే నాకు ఒళ్ళు మంట. నసీబేమిటి? ఆ రోజుల్లో నారాయణఖేడులో ఆడపిల్ల పలక వదిలి పుస్తకం పట్టుకుంటేనే జనం ఆగి చూసేవారు. అలాంటిది నేను ఊరు దాటి, రైలెక్కి, హైదరాబాదులో కాలేజీలో చేరి, నోటి దురుసుకు అక్కడ కూడా పేరు తెచ్చుకుని, చివరికి ఒక ఎండాకాలం సముద్రం అవతల జపాను భాష నేర్చుకోవడానికి సిద్ధమయ్యానంటే, అందులో కుర్చీకి దక్కే వాటా ఎంత, నాకు దక్కే వాటా ఎంత? చిన్నాయన బతికే ఉన్నాడు, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఇది ఆయనకు చదివి వినిపించే బాధ్యత ఆయన మనవరాలికి అప్పగిస్తున్నాను. (మధ్యలో లేచిపోకుండా చూసుకో తల్లీ.)

అప్పట్లో మాది బీదరు జిల్లా, నిజాం రాజ్యం. మా నాయన మిషను బడిలో హెడ్మాస్టరు. హెడ్మాస్టరంటే పెద్ద పదవి అనుకునేరు. బడి మొత్తానికి రెండే కుర్చీలు, రెండూ కొయ్యవి. ఇంట్లో అవీ లేవు. నేల మీద కూర్చునేవాళ్ళం, నేల మీద తినేవాళ్ళం, నేల మీద పడుకునేవాళ్ళం, అందులో లోటేమీ కనిపించేది కాదు. నాయనకు తమ్ముడు ఈ చిన్నాయన. బీదరులో మిషను బంగళాలో దొరలకు బల్ల మీద వడ్డించిన మనిషి. దొరలు సీమకు వెళ్ళిపోతూ ఇచ్చిన పాత బూట్లతోనూ, దొరల అలవాట్ల గురించి అంతులేని పరిజ్ఞానంతోనూ ఊరికి తిరిగొచ్చాడు. వీళ్ళిద్దరినీ కన్న మా నాయినమ్మ ఇంట్లో ఒక మూల నల్లగొంగడి వేసుకుని, దాని మీద నుంచే అందరినీ ఏలేది.

జపాను సంగతి ఎలా వచ్చిందంటే, మా కాలేజీకి ఒక సంవత్సరం పాటు బొమ్మలు గీయడం నేర్పడానికి జపాను నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. అప్పటిదాకా నాకు తెలిసిన జపాను మా సంతలో దొరికే జపానే. తాళం తిప్పితే పరిగెత్తే బొమ్మ మోటార్లు, గాజులు, మెరిసే రిబ్బన్లు. ఆమె క్లాసులో బొమ్మ గీయడం మానేసి, బొమ్మ పక్కన ఆమె పైనుంచి కిందికి రాసే అక్షరాల గురించి వాదన పెట్టుకున్నాను. పక్కకు రాయొచ్చు కదా అని నేను, రాయొచ్చు కాని ఎందుకు రాయాలి అని ఆమె. వాదన తెగకముందే సగం అక్షరాలు నాకు వచ్చేశాయి. సంవత్సరం పూర్తవుతుండగా ఆమె ఒక మాట చెప్పింది. తనతో ఒక అమ్మాయిని తీసుకెళ్ళి, ఎండాకాలమంతా తమ ఊరి బడిలో జపాను భాష నేర్పిస్తుందట. ఓడ ఖర్చు కాలేజీ వాళ్ళూ, ఆ బడి వాళ్ళూ చూసుకుంటారు. ఆ అమ్మాయి హాస్టల్లో కాదు, టీచరమ్మ ఇంట్లోనే, ఆమె ముసలితల్లి దగ్గర ఉండాలి. అందుకని పిల్లను మాత్రమే చూస్తే చాలదు, పిల్ల పుట్టి పెరిగిన ఇల్లు కూడా చూస్తానంది. పేర్లు ఇచ్చినవాళ్ళం ఇద్దరం. రెండోది సికిందరాబాదు పిల్ల. వాళ్ళింట్లో పియానో ఉంది. మా ఇంట్లో గొంగడి ఉంది.

సెలవులకు ఇంటికొచ్చి నేను తయారు కావడం మొదలుపెట్టాను. పొద్దున్నే పలక మీద రాసుకుని పైకి చదివేదాన్ని. అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ. వేపపుల్ల నోట్లో పెట్టుకుని అటుగా పోతున్న నాయన ఆగిపోయాడు.

"ఆగు ఆగు. గిది మన గుణింతమే గాదె బిడ్డా! గింత దూరం బోయి నేర్సుకునేది గిదేనా?"

"వరస మనదే నాయినా, అక్షరాలు వాళ్ళవి."

"వరస మనదైతే సగం మనదే!" అని పుల్ల పారేసి నేరుగా బడికి నడిచాడు. ఆ మధ్యాహ్నానికి బడి పిల్లలంతా నేను వీధిలో కనిపిస్తే చాలు "క కి కు కె కొ" అని గొంతు కలిపేవారు. నాయినమ్మ నా పలక తిప్పి తిప్పి చూసి, "కోడి గీకినట్లున్నయ్ గని, గీకితె కోడికి గూడ ఇన్ని గింజలు దొర్కుతయ్ గద, రాయి రాయి" అంది. సంతలో గాజులామె మాత్రం నవ్వింది. "ఏందమ్మా, జపాన్ పోతవంట? గా జపాన్ గాజులు ఐతారం ఏస్తె బుధారం పలుగుతయ్. సదువన్న జెర మజ్బూత్‌ది జూసి తెచ్చుకో." సదువు చేతికేసుకునేది కాదు పలగడానికి, అని నేనూ ఊరుకోలేదు. కాని ఆ మాట లోపల గుచ్చుకుంది. జపాను పోతానని ఊరంతా వినేలా చాటుకున్నాను. ఇప్పుడు సీటు రాకపోతే ఆ గాజులామె ముందు ఏ ముఖంతో నిలబడాలి?

అక్షరాల కంటే కష్టమైంది కూర్చోవడం. జపాను ఇళ్ళల్లో మోకాళ్ళు మడిచి, మడమల మీద బరువు మోపి, భోజనం ముగిసేదాకా కదలకుండా కూర్చుంటారని టీచరమ్మ చెప్పింది. అది అభ్యాసం చేయడానికి మా మిషను గుడి కంటే మంచి చోటు దొరకలేదు. మా ఉపదేశి తాత ప్రార్థన మొదలుపెడితే ఊరూరి పేరూ చెప్పి వానలు అడిగేవాడు. కంగ్టికి, కల్హేరుకు, సిర్గాపూరుకు విడివిడిగా అడిగి, నిజాం రాజును, ఇంగ్లండు రాజును దీవించి, మళ్ళీ ఊళ్ళ దగ్గరికి వచ్చేవాడు. మొదటి ఆదివారం కంగ్టి దగ్గర నా వేళ్ళు మొద్దుబారాయి, కల్హేరు దగ్గర పిక్కలు పోయాయి, సిర్గాపూరు వచ్చేసరికి నడుము కింద నాకంటూ ఏమీ మిగల్లేదు. ఆమేన్ అనగానే లేవబోయి పక్కనున్న మంత్రసానమ్మ ఒళ్ళో పడ్డాను.

"ఏమైందే పిల్లా, ఆత్మ దిగిందా?"

"ఆత్మ గాదు పెద్దమ్మా, తిమ్మిరి."

వారాలు గడిచేకొద్దీ నేను రాజుల దాకా రాగలిగాను. ఆ తర్వాత ఇంకా చాలక, "తాతా, బీదరు సంగతి మర్శినవు" అని నేనే గుర్తుచేసేదాన్ని. జన్మలో ఇంకాస్త ప్రార్థన చేయమని అడిగిన మనిషిని చూడని ఉపదేశి తాతకు నా మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ప్రార్థనలో జపానును కూడా చేర్చి, అక్కడ కూడా జొన్నలు బాగా పండాలని అడిగాడు.

ఇక్కడికి బాగానే ఉంది. టీచరమ్మను వెంటబెట్టుకుని మా కాలేజీ పెద్ద దొరసాని స్వయంగా వస్తోందన్న కబురు వచ్చిన రోజున ఇల్లు చిన్నాయన చేతుల్లోకి పోయింది. పై దేశం వాళ్ళంటే దొరలే అని ఆయన లెక్క. సముద్రం అవతల ఎవరున్నా బల్ల మీదే తింటారు, బూట్లతోనే తిరుగుతారు. జొన్నరొట్టెను ఛురీతో కోసి, కాంటా అనే ముళ్ళ చెంచాతో పొడిచి నోట్లో పెట్టుకోవడం ఇంటిల్లిపాదికీ నేర్పించాడు. (జొన్నరొట్టె కాంటాకు లొంగే జాతి కాదు. మా అమ్మ పొడిచిన ముక్క ఎగిరి నాయినమ్మ గొంగడి మీద పడింది. ఆమె దాన్ని చేత్తో తీసుకుని తినేసి, "మంచిగున్నది, ఇంకోటి ఇసురు" అంది.)

"చిన్నాయినా, వాళ్ళు నేల మీదనే కూసుంటరు, ఇంట్లకు చెప్పులతో రారు" అని నేను వారమంతా మొత్తుకున్నాను.

"పోరీ, మోటార్ బొమ్మలు జేసెటోళ్ళు కుర్చీ జేసుకోలేరా? గా టీచరమ్మ మీ కాలేజీల ఏడ కూసుంటది?"

"... కుర్చీల."

"మరి?"

(మా ఇద్దరి మధ్య జరిగిన వాదనల్లో చిన్నాయన గెలిచింది అదొక్కటే. దాన్నే ఇప్పటికీ అరగదీసి వాడుకుంటున్నాడు.) నాయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అన్నాడు: "నీ మాటనే నిజమనుకో బిడ్డా. గని పెద్ద దొరసాని గూడ వస్తుంది. హెడ్మాస్టర్ ఇంట్ల కూసోను కుర్చీ లేకపాయె అని నీ సీటు గా పియానో పిల్లకిస్తె, నేను జిందగీల మర్శిపోతనా?" ఎన్నడూ నాకు అడ్డం చెప్పని మనిషి. ఆ కళ్ళు చూశాక కుర్చీలు తేవడానికి నేనే ముందు నడిచాను.

బడి కుర్చీలు రెండూ ఇంటికొచ్చాయి. వకీలు సాబును బతిమాలి పేము అల్లిన కుర్చీ ఒకటి తెచ్చారు. అది టీచరమ్మ కోసం. చిన్నాయనకు ఒక అలవాటుంది. ఏ కుర్చీలోనూ ఎవరినీ ముందుగా కూర్చోనివ్వడు. భుజం మీది తువ్వాలుతో దులిపి, తానే ఒకసారి ధబాలున కూర్చుని, "మజ్బూత్!" అని లేచి, అప్పుడు పక్కకు జరుగుతాడు. బంగళా మర్యాదట. ఆ వారంలో అది ఎన్నిసార్లు చూశామో! తర్వాత బూట్లు. నాయనకు కాన్వాసు బూట్లు, నాకు కాలేజీ చెప్పులు, అమ్మకు ఎవరివో స్లిప్పర్లు.

"పొయ్యికాడ చెప్పులేసుకోని తిరుగుడా?" అంది అమ్మ. "కూరల దుమ్ము వడదా? నీ దొరలకు గట్ల నడుస్తదేమో మరిదీ, నా పొయ్యికి నడ్వదు."

ముందు గదిలో చెప్పులు, పొయ్యి దగ్గర వట్టి కాళ్ళు అని రాజీ కుదిరింది. దాంతో పాపం మా అమ్మ ఆ గడప దగ్గర వేయడం, విప్పడం, వేయడం, విప్పడం. ఇక మిగిలింది నాయినమ్మ. ఆమె కుర్చీ ఎక్కనంది. "కాళ్ళు కిందికి యాలాడ్తె బావి గట్టు మీద కూసున్నట్లుంటది, నాకొద్దు" అంది. చిన్నాయన తల గోక్కుని, "గట్లయితె అవ్వా, వాళ్ళొచ్చినప్పుడు నువ్వు గొంగడి తీస్కోని జెర ఎనక కొట్టంల కూసో. బాగుండదు" అన్నాడు. నాయినమ్మ ఏమీ అనలేదు. నాయినమ్మ ఏమీ అనలేదంటే భయపడాల్సిన సంగతి. కాని ఆ హడావిడిలో ఎవరికీ భయపడే తీరిక లేకపోయింది.

అతిథులు జహీరాబాదు దాకా రైల్లో వచ్చి, అక్కడ మోటారెక్కి, మంజీర ఇసకలో మోటారు దిగబడితే ఎడ్లబండిలో మా వాకిట దిగారు. వెనక సగం సంత నడిచొచ్చింది. ముందు పెద్ద దొరసాని బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికొచ్చి, మాకు తెలిసిన తెలుగులో కాక బైబిలు తెలుగులో, "ఈ గృహమునకు సమాధానము కలుగును గాక" అంది. వెనకాల టీచరమ్మ. ఆమె గడప దగ్గర ఆగింది. వంగింది. తన చెప్పులు విప్పి, వాటిని రెండు చేతులతో పట్టుకుని, మొనలు వాకిలి వైపు తిరిగేలా జోడుగా పెట్టింది. తెల్లటి మేజోళ్ళతో లోపల అడుగుపెట్టి తల ఎత్తితే, ఎదురుగా వరసగా మేమంతా బూట్లతో!

"కాలు ఒరిసిందేమో పాపం" అని గొణిగాడు చిన్నాయన.

నాయన గబుక్కున ఒక బూటు విప్పాడు. ఇంతలో దొరసాని బూట్ల మీద చూపు పడి రెండోది ఉంచుకోవాలో విప్పాలో తోచక, ఒకటి వేసుకుని ఒకటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అమ్మ గడప దగ్గర వేయడం, విప్పడం మధ్యలో చిక్కుకుపోయింది. ఇదిగో, ఈ ఘడియే నేను మావాళ్ళందరికీ గుర్తుచేసేది. కుర్చీల వంక ఇంకా ఎవరూ పోలేదు. నేను చెప్పులు విదిలించి, వెనక కొట్టంలోకి పరిగెత్తి, "లే నాయినమ్మా, గొంగడి గావాలె!" అన్నాను.

"గింత సేపాయెనా నీకు తెలివి రాను?" అంటూ లేచి, గొంగడి దులిపి నా చేతిలో పెట్టి, నా వెనకాలే వచ్చేసింది.

ముందు గది నడుమ గొంగడి పరిచాను. ఒక అంచున మోకాళ్ళు మడిచి, మడమల మీద కూర్చుని, టీచరమ్మ నేర్పిన తీరులో తల వంచాను. ఆమె ముఖం విప్పారింది. నేరుగా నడిచొచ్చి నా ఎదురుగా అదే తీరున కూర్చుంది. అప్పుడు, గుర్తుంచుకోండి, అప్పుడు, మా వెనక కరకరమని చప్పుడైంది. జరిగేది ఏమీ గమనించకుండా చిన్నాయన తన పాటికి తాను పేము కుర్చీ దులిపి, "మజ్బూత్!" అనడానికి అందులో కూర్చున్నాడు. 'మజ్' దాకా వచ్చాడు. కుర్చీ కాలు విరగలేదు, ఏదీ విరగలేదు. అల్లిక అల్లికంతా కిందికి దిగి, మనిషి మధ్యలోంచి జారి, మోకాళ్ళు గడ్డానికి తగిలి, దొరల బూట్లు రెండూ గాల్లో నిలిచాయి. "అయ్యో, ఈ మనుష్యునికి ఏమి సంభవించెను!" అని దొరసాని కేకేసింది. నాయన ఒంటి బూటుతో వచ్చి తమ్ముణ్ణి లాగితే కుర్చీ కూడా నత్తగుల్లలాగా వెంటే లేచింది. నాయినమ్మ గొంగడి అంచున చేరి, కొడుకు వంక చూసి, "బాగుండదు గద బిడ్డా, ఎనక కొట్టంల కూసోకపోయినవా?" అంది.

తర్వాత అందరూ నేల మీదే కూర్చున్నారన్నది నిజం. అందుకే సీటొచ్చిందన్నది అబద్ధం. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. విస్తళ్ళలో రొట్టె, పప్పు వడ్డించాక ఉపదేశి తాత వచ్చి భోజనానికి ప్రార్థన మొదలుపెట్టాడు. ఊరికి జపాను నుంచి మనిషి వస్తే ఆయన ఊరుకుంటాడా? కంగ్టి అయింది, కల్హేరు అయింది, సిర్గాపూరు అయింది. రాజులిద్దరూ అయ్యారు. జపాను వానలు, జపాను పశువులు, జపాను జొన్నలు. దొరసాని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరిగింది. నేను కళ్ళు కొంచెం తెరిచి చూస్తే టీచరమ్మ కూడా కొంచెం తెరిచి నన్నే చూస్తోంది. ఆమె కదల్లేదు. నేనూ కదల్లేదు. పప్పు చల్లారి ఆమేన్ అయ్యాక ఆమె ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

"నీ కాళ్ళు తిమ్మిరెక్కలేదా?"

"ఎప్పుడో ఎక్కాయి. మీవో?"

"నావీ."

"మీరు లేవలేదు కదా, నేనెందుకు లేస్తాను?"

చేయి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సంవత్సరంలో ఆమె నవ్వగా చూడ్డం అదే మొదలు.

"మా అమ్మతో కూడా ఇలాగే వాదిస్తావా?"

"ఆమె తప్పు చెబితే వాదిస్తాను."

దొరసాని కళ్ళు మూసుకుంది. నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. టీచరమ్మ మాత్రం విస్తరి వైపు చూస్తూ, రొట్టె చేత్తో తుంచుతూ అంది: "మా అమ్మకు పగలంతా మాట్లాడే తోడు లేదు. వాదించేవాళ్ళకు భాష తొందరగా వస్తుంది. ఓడ ఎక్కడానికి తయారుగా ఉండు."

నేను తెలుగులో చెప్పేలోపే, ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ చెంగు కళ్ళకద్దుకుంది. పియానో పిల్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మంచి పిల్లే. వాళ్ళింట్లో టీచరమ్మ నేల మీద కూర్చుందామంటే పాపం చాప కోసం వెతికింది. ఇల్లంతా వెతికినా చాప లేదట.

ప్రయాణానికి ఊరు ఊరంతా తలా ఒకటి తెచ్చింది. సజ్జపిండి, కారప్పొడి, ఎండు చింతకాయ. గాజులామె నా చేతులకు గాజులు తొడిగి, "ఇవి జపాన్‌వి గావు, ఆడికి పోయి మన గాజులు సూపెట్టు" అంది. నాయినమ్మ తన గొంగడి చుట్టి ఇచ్చింది. రాను పోను ఓడలోనే సగం ఎండాకాలం గడిచింది కాని, మిగిలిన సగంలో ఆ ముసలితల్లితో పొద్దున లేచింది మొదలు వాదించాను. ఎండలు ముదిరేసరికి ఆమె నా మీద విసుక్కుంటే అర్థమయ్యేంత, ఇంకొన్నాళ్ళకు తిరిగి విసుక్కునేంత జపాను భాష వచ్చింది. మా ఊరి గొంగడి వాళ్ళ చాప మీద పరుచుకుని పడుకున్నాను. ఆ గడప దగ్గర నా చెప్పులు మొనలు బయటికి తిప్పి పెట్టిన ప్రతిసారీ, గాల్లో నిలిచిన దొరల బూట్లు గుర్తొచ్చి నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు అలా కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. అయినా పిల్లలు అడిగితే కూర్చుని చూపిస్తాను, చూపించి కేకేస్తాను. ఇక చిన్నాయనా, నీకు ఇన్నేళ్ళూ చెప్పని మాట ఒకటుంది, విను. పేము చివికిపోయి తెగిందని నువ్వు చెప్పుకుంటున్నావు కదా. ఆ కుర్చీ వకీలు సాబుకు తిరిగివ్వబోతూ నాయన, నేను బోర్లించి చూశాం. పేము ఎక్కడా తెగలేదు. అడుగున అల్లిక కొసలు కట్టే ముడి ఒకటుంటుంది, అది విప్పి ఉంది, శుభ్రంగా, తీరిగ్గా. నాయన నా వంక చూసి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. జపాను నుంచి వచ్చాక ఒక పగలు నాయినమ్మ పప్పులో రాళ్ళేరుతుంటే పక్కన కూర్చుని, "నాయినమ్మా, గా కుర్చీని నువ్వేమన్న జేసినవా?" అని అడిగాను. రాయి ఒకటి తీసి వాకిట్లోకి విసిరి అంది: "నేనేడ ముట్టిన బిడ్డా? ఏనాడన్న కుర్చీల కూసున్ననా? దాని సంగతి నాకేమెర్క? గా కింది ముడి జారింది కావచ్చు."

నేను నవ్వి ఊరుకున్నాను. నాకు తెలివి ఎప్పుడూ కొంచెం ఆలస్యంగానే వస్తుందని నాయినమ్మే అంది కదా. ఆమె పోయాక, ఒంటరిగా ఆ గొంగడి ఎండలో ఆరేస్తుండగా తట్టింది. అడుగుదామంటే మనిషి లేదు.

కుర్చీకి అడుగున ముడి ఉంటుందని నీకెవరు చెప్పారు, నాయినమ్మా?